గుట్ట మీది పెసరచేను

మూడేళ్ల కిందట, మృగశిర కార్తెలో ఒకరోజు, నేను సద్దిగిన్నె ఇంట్లో మరిచిపోయి పనికి వెళ్లాను. అలా మరిచిపోకపోతే మా అత్త ఆ గుట్ట ఎక్కేదే కాదు.

ఆ రోజుల్లో నేను ఓపెన్‌కాస్ట్ గని పక్కన మట్టిగుట్ట మీద మొక్కలు నాటే పనిలో ఉన్నాను. బొగ్గు పైన ఉన్న నేలనంతా తవ్వి, లారీలతో తెచ్చి ఒక పక్కన పోస్తారు. పోయగా పోయగా అది గుట్ట అవుతుంది. గోదావరిఖనిలో ఏ వీధి చివర నిలబడినా అలాంటిది ఒకటి కనిపిస్తుంది. వాటిని పచ్చగా చేసే పని కంపెనీ కాంట్రాక్టుకు ఇచ్చింది. మేం పన్నెండుమంది ఆడవాళ్లం. నెత్తిన హెల్మెట్లు, చీరల మీద మెరిసే పచ్చ జాకెట్లు, చేతుల్లో గడ్డపారలు. మా సూపర్‌వైజరు క్రిస్టినా, ఎమ్మెస్సీ చదివిన పిల్ల. వాళ్ల నాన్న సామ్యేలు ముప్పై ఆరేళ్లు భూమి లోపల పనిచేసి పెన్షన్ మీద ఉన్నాడు. ఆమెది మాత్రం ఆర్నెల్లకోసారి ఉంటుందో ఊడుతుందో తెలియని ఉద్యోగం.

అత్త పేరు సారవ్వ. మా ఊరు గనిలో కలిసిపోయి అప్పటికి రెండేళ్లు. గోదావరిఖనిలో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉంటున్నాం. మామ లింగమూర్తి ఊరు ఖాళీ చేసిన ఏడే పోయాడు. నా భర్త సదానందం గని రోడ్ల మీద దుమ్ము లేవకుండా నీళ్లు చల్లే ట్యాంకరు నడుపుతాడు, అదీ కాంట్రాక్టే. మేమిద్దరం పనికి వెళ్లాక అత్తకు ఆ గదుల్లో చేసేందుకేమీ ఉండేది కాదు. గడపలో కూర్చుని గచ్చు మీద వేలితో గీతలు గీస్తూ ఉండేది. అడిగితే జవాబు చెప్పేది. తనంతట తాను మాట్లాడడం మానేసి చాలా కాలమైంది.

ఆ పూట ఆమె నా సద్ది పట్టుకుని షేర్ ఆటోలో వచ్చి, పశువులు తిరిగే వెనక బాటన గుట్ట ఎక్కింది. జల్లు పడి ఆగింది. మబ్బు గుట్ట నెత్తిని తాకుతూ పోతోంది. ముందు ఆ తెల్లదనంలోంచి గిన్నె మూట కనిపించింది, తర్వాత దాన్ని పట్టుకున్న చెయ్యి, ఆ తర్వాత మనిషి. మబ్బులోంచి దిగి వస్తున్నట్టే ఉంది.

గిన్నె నాకిచ్చి ఆమె కూర్చోలేదు. కింద చూస్తూ నాలుగడుగులు వేసింది. వంగి మట్టి తీసుకుంది. పిడికిట్లో పట్టి వదిలి, మళ్లీ పట్టి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది మన ఎర్రచెల్క మన్ను బిడ్డా."

"గుట్టంత మన్నే గదత్తా. ఎక్కడిదో ఎవలకెరుక?"

"నాకెరుక. గీ తెల్ల రాళ్లు సూడు. ఏటా ఏరి గట్టు మీద పోసేది, మల్ల ఏడాదికి మల్ల తేలేటివి. రాళ్లు గుడ పంటనే అనెటోడు మీ మామ."

నేను నవ్వాను. ఎర్రచెల్క అంటే ఊళ్లో అత్తామామలు చేసిన మెట్టచేను. మొక్కలు బతకాలని పొలాల పైమన్ను వేరుగా తీసి ఉంచి, గుట్టలు సిద్ధమయ్యాక పైన మూరెడు మందాన పరుస్తారు. ఏ చేనిది ఏ గుట్ట మీద పోశారో ఎవరూ రాసి పెట్టుకోరు. అత్త చెప్పింది నిజమే అయి ఉండవచ్చు, కాకపోనూ వచ్చు. అన్నం తింటూ చూస్తే ఆమె గుట్ట అంచుకు వెళ్లి నిలబడి ఉంది. గబగబా వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

మా కాళ్ల కింద గని. మెట్లు మెట్లుగా దిగిపోయి, అడుగున లారీలు అగ్గిపెట్టెల్లా తిరుగుతున్నాయి. అవతల జ్యోతినగర్ పొగగొట్టాలు, వాటికి ఆవల గోదావరి సన్నటి గీతలా ఉన్నాయి. అత్త కిందికి చూడడం లేదు. ఎదురుగా, ఉత్త గాలిలోకి చూస్తోంది.

"ఆ డేగ తిరుగుతున్నది సూసినవా? గక్కడనే మన వాకిలి. దానికి కొంచెం ఇవతల బాయి. చింతచెట్టు నీడ బాయి మీద పడేది, పొద్దుగూకితే."

గాలి నిండా ఆమె ఊరు పెడుతూ పోయింది. పోశమ్మ గద్దె, మాలోళ్ల వాడ, కల్లం, బస్సు ఆగే మూల. నాకు కనిపించింది డేగ ఒక్కటే. అయినా వింటూ నిలబడ్డాను. ఆమె అంతసేపు మాట్లాడి రెండేళ్లయింది.

మర్నాడు పొద్దున్నే నా వెంట తయారైంది. కొంగున మూటకట్టిన పెసలు, గుప్పెడు కందులు.

"కంపెనీ జాగల ఇత్తనాలేందమ్మా?" అన్నాడు సదానందం, బూట్లు వేసుకుంటూ. "ఎవలన్న సూస్తే దీని పని పోతది."

"ఉత్తగనే ఉన్నది గద కొడుకా. మీ మొక్కలకు అడ్డం రాను."

"ఎవలది అనుకుంటున్నవ్ ఆ గుట్ట?"

అత్త అప్పటికే గడప దాటింది. ఆటోలో నా పక్కన కూర్చుని దారంతా కొంగు ముడి మీద చెయ్యి పెట్టుకునే ఉంది.

మా మొక్కలు ఇంకా చేరని వాలులో, రెండు గుంటల జాగాలో ఆమె విత్తింది. కొడవలి మొనతో సాళ్లు గీసింది. వాలుకు అడ్డంగా నాలుగు సాళ్లు పెసర, ఒక సాలు కంది, మళ్లీ నాలుగు పెసర. గీస్తున్నప్పుడు ఆమె నడుము మీది వయసు ఏమైందో తెలియలేదు. మా ఆడవాళ్లు గడ్డపారలు ఆపి చూశారు. అందరూ మా ఊరివాళ్లే. వాళ్లలో పోశవ్వ తన డబ్బా నీళ్లు తీసుకెళ్లి ఆమె చేతులు కడుక్కునేందుకు పోసింది.

ఆ ఏడు వానలు పద్ధతిగా కురిశాయి. అయిదో రోజుకు మొలకలు వచ్చాయి. పొద్దున గుట్ట ఎక్కేసరికి మబ్బులో ఆ ముక్క ఒక్కటే వేరే పచ్చగా, లేతగా, ఎవరో అక్కడ ఆకుపచ్చ చీర ఆరేసి మరిచిపోయినట్టు ఉండేది. అత్త రోజు విడిచి రోజు వచ్చి కలుపు తీసేది. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగు సైరన్ మోగితే అందరం కూర్చునేవాళ్లం. గుట్ట కిందినుంచి వణికేది. అత్త రెండు అరచేతులూ నేలకు ఆనించి, పక్కన పడుకున్న పసిపిల్ల ఉలిక్కిపడితే పట్టుకున్నట్టు పట్టుకునేది. ఇంట్లో మాటలు పెరిగాయి. ఒకనాడు సదానందానికి పచ్చిపులుసు చేసి పెట్టింది. అతను తింటూ తింటూ తల దించుకున్నాడు. తల్లి చేతి వంట తిని ఎంత కాలమైందో అతనికీ నాకూ తెలుసు.

ఆషాఢంలో మా గుంతలు ఆ వాలు దాకా వచ్చాయి. క్రిస్టినా రిజిస్టరు పట్టుకుని వరస చూస్తూ వచ్చి ఆగింది.

"అక్కా, ఇదేం మొక్క? లిస్టుల లేదు కద."

"పెసర, మేడం. నేల కొట్టుకపోకుంట పట్టుకుంటది. నేలకు బలం గుడ."

నేను అబద్ధం చెబుతున్నాననుకుంటూ చెప్పాను. ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఒక మొక్కను మెల్లగా పెరికి వేళ్లు చూసింది. వేళ్లకు ఆవగింజలంత బుడిపెలు.

"నిజమే," అంది. "మేం పుస్తకంల చదివినం. ఎవలు పోసిండ్రో నేను అడుగను. గుంతలు సాళ్ల నడుమ తియ్యుర్రి."

నాలుగు రోజుల తర్వాత జగదీశ్వర్ జీపు వచ్చింది.

జగదీశ్వర్ మా కాంట్రాక్టరు. అంతకుముందు మా ఊరి పటేల్. ఎర్రచెల్క ఆయనదే. మా అత్తామామలు నలభై ఏళ్లు దాన్ని పాలుకు చేశారు. విత్తనం, కష్టం వీళ్లవి, పండినదాంట్లో సగం ఆయనది. భూమి గనికి పోయినప్పుడు పరిహారం పట్టా ఉన్న పేరుకు వచ్చింది. మోసమేమీ లేదు, కాగితంలో ఉన్నదే ఆ పేరు. ఆ డబ్బుతో ఆయన టిప్పర్లు కొన్నాడు, కరీంనగర్‌లో ఇల్లు కట్టాడు, మొక్కల కాంట్రాక్టు పట్టాడు. పనికి మా ఊరి ఆడవాళ్లనే పిలిచాడు. మనవాళ్లకు ఆసరా ఉండాలె అని అందరి ముందూ అన్నాడు. మనసులో కూడా అనుకునే అన్నాడని నేను ఇప్పటికీ నమ్ముతాను.

ఆయన పెసర దగ్గర నిలబడి కళ్లతో సాళ్లు లెక్కపెట్టాడు.

"నాలుగు పెసర, ఒకటి కంది. సారవ్వ వచ్చిందా గీడికి?"

"వచ్చింది పటేలా."

"మన మన్నేనా ఇది?"

"అత్త గట్లనే అంటది."

ఆయన బూటు కొనతో ఒక తెల్లరాయిని దొర్లించాడు. కోపం లేదు ముఖంలో. ఏదో చాలా దూరపు మాట వింటున్నట్టు ఉన్నాడు. "ఉండనియ్యి," అన్నాడు చివరికి. "కంపెనీ సార్లు అడిగితే నేలకు బలానికి మనమే చల్లినమని చెప్పుర్రి."

సార్లు అడగడమే కాదు, మెచ్చుకున్నారు. శ్రావణంలో రెండు కార్లలో వచ్చి, పూత మీదున్న పెసర మధ్య నిలబడి ఫోటోలు దిగారు. మిగతా గుట్టల మీద కూడా ఇలా చల్లించాలన్నారు. ఆ పని కూడా జగదీశ్వర్‌కే వస్తుందని క్రిస్టినా చెప్పింది. ఇక్కడిది మాత్రం కోయకూడదు, అలాగే నేలలో కలిసి ఎరువు కావాలి అన్నారు. మర్నాటి నుంచి వెనక బాటకు ముళ్లకంప అడ్డం పడింది, కింద గేటు దగ్గర ఒక కాపలా మనిషి కూర్చున్నాడు. జాకెట్టు, హెల్మెట్టు లేని వాళ్లను పైకి పోనివ్వడు.

అత్త ఒకసారి వెళ్లి తిరిగి వచ్చింది. మళ్లీ గడపలో కూర్చుంది.

పెసర కాయ నల్లబడితే ఆగదు. ఎండ పడితే చిట్లి గింజ రాలిపోతుంది, ముసురు పట్టిందా, కాయలోనే మొలకెత్తుతుంది. రోజూ నేను మొక్కలకు పాదులు చేస్తూ ఆ చిటపటలు వినేదాన్ని. ఇంటికి రాగానే అత్త నా ముఖం చూసేది.

"నల్లబడ్డయా?"

"సగం."

"చిట్లుతున్నయా?"

"జరంత జరంత."

ఒక రోజు పోశవ్వ జ్వరంతో రాలేదు. మర్నాడూ రానంది. ఆ సాయంత్రం నేను ఆమె ఇంటికి వెళ్లి జాకెట్టు, హెల్మెట్టు అడిగాను. ఎందుకని అడక్కుండా ఇచ్చింది.

పొద్దున ఎనిమిదింటికి అత్త నా వెంట గేటు దాటింది. హెల్మెట్టు కళ్ల మీదికి జారుతోంది, జాకెట్టు మోకాళ్ల దాకా వచ్చింది. కాపలా మనిషి ఆ పచ్చ మెరుపును చూశాడు, అందులో ఎవరున్నారో చూడలేదు. పైన క్రిస్టినా హాజరు తీస్తోంది. పోశవ్వ పేరు దగ్గరికి వచ్చి తల ఎత్తింది. అత్త వైపు చూసింది. నా వైపు చూసింది. మళ్లీ రిజిస్టరులోకి చూస్తూ, "పోశవ్వ, ఉన్నది," అని తానే చెప్పుకుని టిక్కు పెట్టింది.

"ఆ వాలుల కలుపు తియ్యుర్రి ఇద్దరు," అంది. "చెట్లు పెరకొద్దు. కాయలు నేను లెక్కపెట్టుకోలే."

పన్నెండు దాకా కాయలు ఏరాం. ఎండ చురుక్కుమంది. మొక్కల మీద కప్పే పట్టా పరిచి కాయలు ఆరబోస్తే వాటంతటవే చిట్లసాగాయి. అత్త ఒక కట్టె తీసుకుని మెల్లగా కొట్టింది. తర్వాత తట్టలో పోసుకుని నిలబడి, చెయ్యి పైకెత్తి, గాలి కోసం ఆగింది. అంత ఎత్తున గాలికేం కొరత? పొట్టు ఎగిరి గుట్ట అంచు దాటి గని మీదికి, ఆమె ఊరున్న గాలిలోకి పోయింది. గింజలు ఆమె కాళ్ల దగ్గర పడ్డాయి. అంతా కలిపి కుంచెడు కూడా ఉండవు. ఆమె ముఖం మాత్రం బండి నిండిన రోజున ఉండేటట్టుంది.

అప్పుడు జీపు చప్పుడైంది.

జగదీశ్వర్ దిగి వచ్చాడు. ఆ జాకెట్టులో ఆమెను పోల్చుకోవడానికి ఆయనకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. నేను గడ్డపార గట్టిగా పట్టుకున్నాను. ఆయన అరుస్తాడనుకున్నాను. ఆయన ప్యాంటు పైకి లాక్కుని పట్టా అంచున గొంతుక్కూర్చున్నాడు.

"ఎట్లయినయి సారవ్వా?"

"మంచిగనే అయినయి పటేలా. గింజ గట్టిగున్నది."

ఆయన నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలాడు. "అదే రుచి," అన్నాడు. "మా అమ్మ కరీంనగర్‌ల ఎప్పుడు గిదే అడుగుతది. మన చెల్క పెసలు దొరుకుతయారా అంటది."

అత్త తల ఊపింది. తర్వాత రెండు చేతులతో గింజలను దగ్గరికి తీసింది. నడుమ అరచేయి నిలువుగా పెట్టి చీల్చింది. రెండు కుప్పలు. ఒకదాంట్లోంచి దోసెడు తీసి రెండోదాంట్లో వేసి సమం చేసింది. ఆయన వైపున్న కుప్ప చుట్టూ వేలితో గీత గీసింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మామ ఉన్నప్పుడు కల్లంలో ఎన్నిసార్లు చూశానో, అచ్చం అలాగే.

"సంచి తే," అన్నాడు జగదీశ్వర్ డ్రైవరుతో, అటు తిరగకుండానే.

నేను గడ్డపార పక్కన పెట్టాను. వంగి ఆయన కుప్పను అత్త కుప్పలో కలిపేశాను. చేతులు దులుపుకున్నాను. అంతే నేను చేసింది.

డ్రైవరు సంచి పట్టుకుని వచ్చి ఆగాడు. జగదీశ్వర్ నా చేతుల వైపు చూశాడు, కలిసిన కుప్ప వైపు చూశాడు. లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

"కోడలు గట్టిదే సారవ్వా," అని జీపు ఎక్కాడు.

దిగేటప్పుడు దారంతా అత్త నాకు పదడుగుల ముందు నడిచింది. ఇంటికొచ్చాక అంది. "నా పరువు తీసినవ్. ఇచ్చుడు నా చేతుల పని, నడుమ నువ్వెవలు?" నేను తప్పు ఒప్పుకోలేదు. సదానందం అంతా విని, "పని పోతది," అన్నాడు. పోయింది. సోమవారం హాజరులో నా పేరు లేదు. పోశవ్వ పేరు ఉంది, అది కొంత నయం.

ఆదివారం ప్రార్థన అయ్యాక క్రిస్టినా మా ఇంటికి వచ్చింది. తెల్లచీరలో, చేతిలో బైబిలుతో. లోపల కూర్చోమంటే గడపలోనే, అత్త పక్కన కూర్చుంది.

"జగదీశ్వర్ సార్ కోపంల లేడక్కా. పొరపాటైంది అని ఒక్క మాట చెప్తే చాలన్నడు. రేపే పేరు ఎక్కిస్తడు."

సదానందం నా వైపు చూశాడు. చెప్పమనలేదు, వద్దనీ అనలేదు. నేను నోరు తెరిచేలోగా అత్త లేచి లోపలికి వెళ్లింది. డబ్బా మూత చప్పుడైంది. సోలెడు పెసలు పాత గుడ్డలో మూటగట్టి తెచ్చి క్రిస్టినా చేతిలో పెట్టింది.

"పటేల్ తల్లికి పంపుమను. ముసలిది అడిగింది గనుక ఇస్తున్న. పాలు గాదు అని చెప్పు బిడ్డా."

"మరి ఆ మాట అవ్వా?"

"గంతే మాట."

క్రిస్టినా మూటను బైబిలుతో పాటు పట్టుకుని వెళ్లిపోయింది. నా పేరు మళ్లీ ఎక్కలేదు. దసరా దాకా ఇంట్లో ఇబ్బంది పడ్డాం. తర్వాత జ్యోతినగర్‌లో ఒక బడిలో ఆయా పని దొరికింది. ఇప్పటికీ అక్కడే చేస్తున్నాను, వేరే కాంట్రాక్టరు కింద. నాలుగు గుట్టల మీద ఇప్పుడు వానకాలం పెసర చల్లుతారట.

క్రిస్టినా వెళ్లిన ఆ సాయంత్రం వాన వెలిసింది. వీధంతా పసుపు వెలుతురు పరుచుకుంది. అత్త వాకిట్లో చాట పెట్టుకుని మిగిలిన పెసలు చెరుగుతోంది. నేను పక్కన కూర్చుని రాళ్లు ఏరుతున్నాను. వారం తర్వాత ఆమె తనంతట తానే నన్ను పిలిచింది.

"తిరుమలా, మీ మామ ఉన్నప్పుడే నేను గట్ల రెండు కుప్పలు కలిపేస్తే ఏమయ్యేది?"

నేను ఆలోచించాను. చేను ఇంకొకరికి ఇచ్చేవాడేమో. ఊళ్లో ఎవరూ పనికి పిలవకపోయేవాళ్లేమో. లేకపోతే ఆయన మోకాళ్లు దులుపుకుని లేచి వెళ్లిపోయేవాడేమో.

"ఏమో అత్తా," అన్నాను.

ఆమె చాట ఒళ్లో పెట్టుకుంది.

"నలభై ఏండ్లు," అంది మెల్లగా. "ఒక్కనాడన్న గట్ల జెయ్యాలని నాకు మతికి రాలే బిడ్డా."